అవతలి ఒడ్డు గిటారు

మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున తొజా ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఎవరిదో పాత రేడియో విప్పి బల్ల నిండా పరుచుకుని కూర్చున్నాను.

"మేస్త్రీ, ఆ ఎర్రది ఇచ్చేస్తాను. వచ్చి తీసుకుపో," అన్నాడు.

పదకొండేళ్ళుగా నేను అడుగుతున్నది అదే. అడిగినప్పుడల్లా నవ్వేసి, "నేను పోయాక నా సమాధి మీద కూర్చుని వాయించుకో" అనేవాడు. అలాంటి మనిషి తనంతట తానే రమ్మంటుంటే నా చెవులను నమ్మలేకపోయాను.

"ఎంతకిస్తావు?"

"పద్దెనిమిది వందల యూరోలు. బేరం మొదలుపెట్టావంటే ఫోన్ పెట్టేస్తాను."

"నేను నోరెత్తలేదు కదా."

"నీ ఊపిరి వినబడుతోంది. అది బేరమాడే ఊపిరే."

తొజా అసలు పేరు స్వెతొజార్. డాన్యూబ్ మీద తిరిగే పడవల్లో ఇంజన్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నదిని ఆనుకుని ఉన్న అపాతిన్‌లో ఒంటరిగా ఉంటాడు. నేను అక్కడికి అరగంట దూరంలో సొంబోర్‌లో ఉంటాను. ముప్పై ఎనిమిదేళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు నడిపాను. పేరు రాదివోయ్. తొజాకు మాత్రం మేస్త్రీని.

పాత ఎలక్ట్రిక్ గిటార్లు పోగుచేసే పిచ్చి మా జిల్లాలో నలుగురైదుగురికి ఉంది. తొజా దగ్గర పంతొమ్మిది, నా దగ్గర పదమూడు. కొత్తది దొరకగానే రెండోవాడికి ఫోన్ చేసి కుళ్ళుకునేలా చేయడం మాకో సరదా. మా ఆవిడ దేశాంకా, ఇంట్లో కుర్చీలకంటే గిటార్లే ఎక్కువున్నాయని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఎర్రది మాత్రం మా సరదాల్లోకి ఎప్పుడూ రాలేదు. అది జర్మనీలో 1963లో తయారైన హోఫ్నర్ కంపెనీ గిటారు. పల్చటి బోలు కడుపు, చెర్రీ పండు రంగు, ముందువైపు వయొలిన్‌కు ఉన్నట్టే రెండు వంకర రంధ్రాలు. జర్మనీ ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళిన మావాళ్ళు ఆ రోజుల్లో ఇలాంటివి తెచ్చుకునేవారు. తొజా పెట్టె మూత తెరిచి దూరం నుంచి చూపించి మూసేసేవాడు. ఎవరినీ చేత్తో పట్టుకోనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు వెళ్ళి డబ్బు తీసుకుని కారెక్కాను.

తొజా వంటింట్లోనే కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకుని నాలుగు రోజులైనట్టుంది. ఎప్పుడూ నేను వెళ్ళేసరికి పొయ్యి మీద చేపల కూర ఉడుకుతూ, ఎర్ర మిరపపొడి వాసన వీధి దాకా వచ్చేది. ఆ రోజు పొయ్యి చల్లగా ఉంది. పండ్ల సారా రకియా ఒక గ్లాసు నా ముందు పెట్టి, రెండో గ్లాసు తనకు పోసుకోలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. చూసుకో, కట్టుకో, తీసుకుపో."

పెట్టె బల్ల మీదే ఉంది. తెరిచి గిటారును మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాను. అనుకున్నదానికంటే తేలిక. మెడ నిటారుగా ఉంది, దాని మీది లోహపు మెట్లు పెద్దగా అరగలేదు, బిరడాలన్నీ అసలువే. ముందువైపు ఒకప్పుడు ప్లాస్టిక్ పలక ఉండేదని, దాన్ని పీకేసి మరలు దిగిన చిన్న రంధ్రాలను మైనంతో పూడ్చారని తెలుస్తోంది. ధర తగ్గించడానికి పనికొచ్చే లోపమే. కానీ బేరం వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నాను.

కొనేముందు లోపల వైర్లు చూడడం నా అలవాటు. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, పెన్ను లాంటి టార్చి ఎప్పుడూ జేబులో ఉంటాయి. వంకర రంధ్రంలోంచి అద్దం దించి లైటు వేశాను.

లోపల నీలం దారం కనబడింది.

ఇలాంటి గిటార్లకు వెనక తలుపు ఉండదు. లోపలి భాగాలు మార్చాలంటే ఒక్కొక్కదానికీ దారం కట్టి, ఆ సన్నటి రంధ్రంలోంచే చేప పట్టినట్టు బయటికి లాగాలి, మళ్ళీ అలాగే లోపలికి పంపాలి. పని అయ్యాక అందరూ దారం తెంపేస్తారు. నేను తెంపను. తర్వాత విప్పేవాడికి సులువుగా ఉంటుందని చిన్న ముడి వేసి లోపలే వదిలేస్తాను. దారం దేశాంకా ఎంబ్రాయిడరీ బుట్టలోది. పక్కనే వాల్యూమ్ తిప్పే భాగం చూశాను. అది జర్మనీది కాదు, మా దేశంలోనే నీష్ ఊళ్ళో తయారైన టీవీలోది. దాని మీద నా టంకం. ఎవరి చేతిరాత వాళ్ళకు తెలిసినట్టే, మెకానిక్‌కు తన టంకం తెలుస్తుంది.

అద్దం బయటికి తీసి జేబులో పెట్టుకున్నాను.

1987 వేసవిలో ఒక మనిషి ఈ గిటారును నా కొట్టుకు తెచ్చాడు. నది అవతలి ఒడ్డున వుకోవార్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. అప్పుడు రెండు ఒడ్లూ ఒకే దేశం. పేరు వింకో. నది పక్కన హోటల్లో శనివారాలు డ్యాన్సులకు వాయించే బృందంలో ఉండేవాడు. అప్పుడు గిటారు మీద తెల్లపలక ఉండేది, దాని మీద ఏవో అక్షరాలు. నేను పనిచేస్తున్న రెండు గంటలూ ఎదురుగా స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పాడు. తన ఐదేళ్ళ కూతురు డ్యాన్సు జరుగుతుండగా యాంప్లిఫయర్ పక్కనే పడి నిద్రపోతుందని, శబ్దం ఆపితే లేచి ఏడుస్తుందని చెప్పి నవ్వాడు. డబ్బుతో పాటు పొగబెట్టిన చేప ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. వెళ్ళేముందు బాగైందో లేదో చూద్దామని ఒక పాట వాయిస్తే, పక్కన బేకరీలో ఆడవాళ్ళు పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

నాలుగేళ్ళ తర్వాత దేశం ముక్కలై యుద్ధం వచ్చింది, మా వైపు సైన్యం ఆ ఊరి మీద మూడు నెలలు బాంబులు వేసింది. వింకో ఏమయ్యాడని నేను ఎవరినీ అడగలేదు.

"ఇది ఎక్కడ కొన్నావు, తొజా?"

"మీ ఊరి సంతలోనే. తొంభై రెండు ఫిబ్రవరిలో. రెండొందల జర్మన్ మార్కులు."

"ఎవరి దగ్గర?"

"సంతలో పేర్లడుగుతామా?"

"దీన్ని నేను బాగుచేశాను. వింకో అని, అవతలి ఒడ్డువాడు. లోపల నా దారం ఉంది."

తొజా కాసేపు బల్ల మీదున్న గుడ్డను అరచేత్తో సాపు చేశాడు. తర్వాత లేచి పక్కగదిలోకి వెళ్ళి, ఒక నోటుబుక్కు, దానిలో మడిచి పెట్టిన వార్తాపత్రిక ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు.

నోటుబుక్కు నిండా నీలం సిరాతో రాసిన పాటల పేర్లు, పక్కన ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో గుర్తులు. మొదటి పేజీలో వింకో పేరు, ఊరు, వీధి. పత్రిక ముక్క అవతలివాళ్ళది, పోయిన నెల ఫిబ్రవరి నాటిది. ముప్పై ఏళ్ళుగా జాడ తెలియనివాళ్ళ జాబితాలో ఉన్న అదే పేరు మనిషి ఎముకలు దొరికాయని, ఎవరివో తేల్చారని, అంత్యక్రియలు ఫలానా రోజని రాసి ఉంది. కింద ఒసియెక్‌లో ఉంటున్న కూతురి పేరు.

"అంటే పేరు నీకు తెలుసు."

"మొదటిరోజు నుంచే తెలుసు. పుస్తకం పెట్టెలోనే ఉంది. పలక మీద వాళ్ళ బృందం పేరుంటే అదీ పీకేశాను."

"మరి నాకెందుకు అమ్ముదామనుకున్నావు?"

"నువ్వైతే అడగవనుకున్నాను," అన్నాడు తొజా. "పదకొండేళ్ళుగా చూస్తున్నావు. ఇంత ధర ఉన్న సరుకు, పడవల మీద బతికినవాడికి ఎలా వచ్చిందని ఒక్కసారి అడిగావా? మనలో ఎవడూ అడగడు. ఆ చలికాలం సంతలో నువ్వు మాత్రం ఏమీ కొనలేదా?"

కొన్నాను. ఒక యాంప్లిఫయర్, రెండు మైకులు. ఆ చలికాలం అవతలి ఒడ్డున జనం వదిలి పారిపోయిన ఇళ్ళ నుంచి సంతకు లారీలు లారీలుగా సామాను వచ్చేది. ఫ్రిజ్‌లు, కుట్టుమిషన్లు, తలుపులు, కిటికీలు. నేను కొన్న యాంప్లిఫయర్ వెనక అరలో చిన్నపిల్లల మేజోళ్ళ జత ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాను. ఈ సంగతి దేశాంకాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"ఊరికే తీసుకుపో, మేస్త్రీ," అన్నాడు తొజా చివరికి. "నా ఇంట్లోంచి కదిలితే చాలు. ఆ కూతుర్ని వెతికి ఇస్తావో, ఉంచుకుంటావో నీ ఇష్టం."

నేను ఒప్పుకోలేదు. పద్దెనిమిది వందలూ బల్ల మీద పెట్టాను. ఊరికే తీసుకోవడం నాకు ఇష్టం లేదని అతనితో అన్నాను. నిజానికి మనసులో ఇంకో లెక్క ఉంది. డబ్బిస్తే అది నాది. ఊరికే తెచ్చుకుంటే నాది కాదు. ఆ లెక్క ఆ రోజు నాకే సరిగా తెలియలేదు.

దేశాంకాకు జరిగినదంతా చెప్పాను, నా యాంప్లిఫయర్ సంగతి తప్ప. కూతుర్ని వెతికి గిటారు అప్పగిస్తానని కూడా చెప్పాను. ఆవిడ గిటారును చూసింది, పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పింది, "త్వరగా వెతుకు" అంది.

వెతకడానికి పావుగంట పట్టింది. పత్రికలో ఉన్న ఇంటిపేరుతో ఒసియెక్ ఊరి టెలిఫోన్ జాబితాలో ఒక్కతే ఉంది. నంబరు సిగరెట్ పెట్టె మీద రాసుకుని రేడియో కింద పెట్టాను. రేపు చేద్దామనుకున్నాను.

మర్నాడు గిటారుకు కొత్త తీగలు వేశాను, మనిషికి వస్తువు ఇచ్చేటప్పుడు మంచిగా ఇవ్వాలి కదా అని. ఆ తర్వాత తీగలు సాగి శ్రుతిలో కుదురుకోవాలి కదా అని రోజూ పొద్దున ఒక గంట వాయించాను. నా దగ్గరున్న పదమూడింటిలో దేనికీ అంత మెత్తటి గొంతు లేదు. పై తీగ మోగితే గది మూల దాకా పాకి ఆగేది. అరవై ఐదేళ్ళ మనిషిని, నా వేళ్ళు అంత బాగా పలుకుతాయని నాకే తెలియదు. దేశాంకా వారానికోసారి అడిగేది, "ఏమన్నారు?" అని. "ఇంకా దొరకలేదు" అనేవాణ్ణి.

మూడు వారాలయ్యాక ఒక ఉదయం ఆవిడ దుమ్ము తుడుస్తూ రేడియో ఎత్తింది. నేను వంటింట్లో కాఫీ తాగుతున్నాను. సిగరెట్ పెట్టె తెచ్చి నా కప్పు పక్కన పెట్టింది.

"ఇది ఎవరి నంబరు?"

నేను కాఫీ కప్పు చేత్తో తిప్పుతూ కూర్చున్నాను.

"నువ్వు సిగరెట్ మానేసి ఎన్నాళ్ళైంది, రాదివోయ్? ఈ పెట్టె కోసం పక్కింటివాణ్ణి అడుక్కున్నావా?"

"కాగితం దొరకలేదు."

"ఆ గిటార్లో నా దారం ఉంది. నువ్వు ఉంచుకుంటే నన్ను కూడా దొంగను చేసినట్టే," అంది. కోపంగా అనలేదు. "ఇప్పుడే చెయ్యి. నేను ఇక్కడే కూర్చుంటాను."

చేశాను. నాలుగోసారి మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. నేనెవరో చెప్పాను, ఏ ఊరో చెప్పాను. గిటారు సంగతి చెప్పాను.

"ఎర్రదా?" అంది.

"అవునమ్మా."

"పెట్టె కూడా ఉందా?"

"ఉంది. పాటల పుస్తకం కూడా ఉంది."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"దాన్ని కొన్నది మీరేనా?"

"ముందు కొన్నది నా స్నేహితుడు. ముప్పై ఏళ్ళ కిందట."

"ఆయన బతికున్నారా?"

"ఉన్నాడు."

"శనివారం పదింటికి రండి. ఆయన్ని కూడా తీసుకురండి," అని ఇంటి గుర్తులు చెప్పింది. ఆమె పేరు యాసెంకా.

తొజాకు ఫోన్ చేస్తే, "నా వల్ల కాదు" అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఆ సరిహద్దు వంతెన దాటలేదు. ఇప్పుడు దాటి ఏం మొహం చూపించను?" రెండు రోజులు వరసగా చేశాను, ఎత్తలేదు. శనివారం పొద్దున నేనొక్కణ్ణే బయల్దేరాను. దారి అపాతిన్ మీదుగా కాకపోయినా అటు తిప్పాను. తొజా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, పెళ్ళిళ్ళకు వేసుకునే నల్లకోటు వేసుకున్నాడు.

"ఎంతసేపటి నుంచి నిలబడ్డావు?"

"ఆరింటి నుంచి. నువ్వు ఈ దారిన రాకపోతే ఇంట్లోకి వెళ్ళిపోదామనుకున్నాను," అని కారెక్కాడు.

వంతెన దగ్గర మావాళ్ళు పాస్‌పోర్టులు చూసి పంపించేశారు. అవతలి ఒడ్డున కస్టమ్స్‌లో ఒక ఆడ ఆఫీసరు డిక్కీ తెరిపించింది. నలభై ఐదేళ్ళుంటాయి.

"అమ్మడానికా?"

"కాదు. తిరిగి ఇవ్వడానికి."

"ఎవరికి?"

"దీని సొంతదారు కూతురికి. ఆయనది వుకోవార్."

"కాగితాలేమైనా ఉన్నాయా?"

నేను పాటల పుస్తకం చూపించాను. ఆమె మొదటి పేజీ చదివింది, వీధి పేరు దగ్గర కాసేపు ఆగింది. పుస్తకం పెట్టెలో పెట్టి, గొళ్ళేలు రెండూ తనే బిగించి, వెళ్ళమని చెయ్యి ఊపింది. అక్కణ్ణుంచి నేరుగా ఒసియెక్ చేరాం.

యాసెంకా ఒక మందుల దుకాణంలో పనిచేస్తుంది. మూడో అంతస్తులో ఇల్లు. భర్తనూ పిల్లలనూ ఆ పూటకు బయటికి పంపేసింది. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ కాచి ఇచ్చింది. తను తాగలేదు. పెట్టె నేల మీద పెట్టి మూత తెరిచాను. ఆమె వంగి చూసింది కానీ ముట్టుకోలేదు.

"మాది ఇంతకంటే పెద్దది," అంది.

"అప్పుడు మీరు చిన్నవాళ్ళు, అమ్మా."

"అదేనేమో. దీని మీద తెల్లపలక ఉండాలి."

"నేను తీసేశాను," అన్నాడు తొజా. "బృందం పేరుందని తీసేశాను. ఆ తర్వాత పారేశాను."

ఆమె మొదటిసారి అతని వైపు సూటిగా చూసింది.

"సెప్టెంబరు మొదట్లో నాన్న అమ్మనీ నన్నూ బస్సెక్కించారు. అప్పటికే దీన్ని కింద సెల్లార్‌లో బొగ్గుకుప్ప వెనక దాచారు. అక్కడుందని మా ముగ్గురికే తెలుసు. ఇల్లు మొత్తం కూలి కాలిపోయిందని, నాన్న సెల్లార్‌లోనే ఉండిపోయారని మాకెవరో చెప్పారు. అమ్మ ఆ మాటే నమ్మింది. ఐదేళ్ళ కిందట పోయింది, అదే నమ్ముతూ పోయింది. ఇప్పుడు ఎముకలు దొరికింది మాత్రం ఊరి బయట పొలంలో." ఆమె ఆగింది. "దీనికి ఎక్కడా మసి లేదు. ఎవరో సెల్లార్‌లోకి దిగారు. ఎవరు?"

"మా వీధివాడే," అన్నాడు తొజా. "లారీ నడిపేవాడు. సంతలో నాకు అమ్మింది వాడే. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు."

సంతలో పేర్లడుగుతామా అని నాతో అన్నది ఇతనే. నేను తొజా వైపు చూశాను. అతను నన్ను చూడలేదు.

"పేరు?"

తొజా చెప్పాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. అతను 2004లో పోయాడు, పిల్లలు మా మధ్యే ఉన్నారు.

"అతను ఏమన్నాడు? సెల్లార్ గురించి ఏమైనా అన్నాడా?"

"అన్నాడమ్మా. బొగ్గు కోసం దిగితే ఇది కనబడిందన్నాడు. లోపల ఎవరూ లేరట. మంచం మీద దుప్పట్లు చక్కగా మడతపెట్టి ఉన్నాయట, కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయట. అంత గోలలో ఎవడు దుప్పట్లు మడతపెట్టాడో అని వాడికి ఆశ్చర్యమేసింది. అందుకే చెప్పాడు. అందుకే నాకూ గుర్తుండిపోయింది."

"మడతపెట్టి ఉన్నాయన్నాడా?"

"అవును."

"దుప్పట్లు?"

"రెండో మూడో. ఒకదాని మీద ఒకటి."

యాసెంకా లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడింది. కింద ట్రామ్ వెళ్ళింది. తర్వాత ఇంకొకటి వెళ్ళింది. ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో తెల్లకాగితాలు, పెన్ను ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పినదంతా రాసివ్వండి. తేదీ, ఊరు, ధర, మనిషి పేరు, అతనన్న మాటలు. సంతకం పెట్టండి. నాన్న తన కాళ్ళతో తను ఆ ఇంట్లోంచి బయటికి నడిచారని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి."

తొజా పెన్ను తీసుకుని ఆగాడు. "భాష ఒకటే గానీ, నా చెయ్యి మా లిపికే అలవాటు పడింది, అమ్మా. అందులో రాస్తే..."

"ఏ లిపిలోనైనా రాయండి. నేను చదవగలను."

అతను గంటకు పైగా రాశాడు. ఇంజన్ రిపేర్ల లెక్కలు తప్ప ఏమీ రాసి ఎరగని మనిషి. ఒక కాగితం చించి మళ్ళీ మొదలుపెట్టాడు. అతను రాస్తున్నంతసేపూ ఆమె నాతో మాట్లాడింది. తండ్రి నా కొట్టులో ఏం చెప్పాడో అడిగింది. నేను గుర్తున్నదంతా చెప్పాను. యాంప్లిఫయర్ పక్కన నిద్రపోయే కూతురి సంగతి చెబితే ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నపిల్ల ముఖమైపోయింది.

"శబ్దం ఆగితే లేచేదాన్నట. అమ్మ కూడా చెప్పేది," అంది.

తొజా సంతకం పెట్టి కాగితాలు ఆమె వైపు జరిపాడు. "నన్ను క్షమించమని అడగడానికి రాలేదమ్మా," అన్నాడు.

"మంచిది," అంది యాసెంకా. "నా వల్ల కాదు కాబట్టి." ఆ తర్వాత కాగితాలు చదువుతూ, "కానీ వచ్చారు," అంది.

నేనెంత పెట్టి కొన్నానని ఆమె అడిగితే నేను చెప్పలేదు. ఆమె రెట్టించి అడగలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో తొజా నా చెయ్యి పట్టుకున్నాడు. కింది దాకా వదల్లేదు.

ఆ సోమవారం తొజా మా ఇంటికి వచ్చి పద్దెనిమిది వందలూ బల్ల మీద పెట్టాడు. నేను సగమే తీసుకున్నాను. మిగతా సగం ఇద్దరం అటూ ఇటూ నెట్టుకుంటుంటే దేశాంకా వచ్చి తొజా జేబులో కుక్కింది.

ఆ రోజే వాళ్ళిద్దరికీ నా యాంప్లిఫయర్ సంగతి చెప్పాను, మేజోళ్ళతో సహా. దేశాంకా అంతా విని, "ఫొటోలు తియ్యి" అంది. యాంప్లిఫయర్, మైకులు ఫొటోలు తీసి అవతలివాళ్ళ పత్రికలో ప్రకటన ఇచ్చాను. ఇద్దరు వచ్చి చూశారు, తమవి కావన్నారు. అవి ఇప్పటికీ కొట్టులో అరమీద ఉన్నాయి. నేను వాడను, అమ్మను. తొజా తన పంతొమ్మిదింటికీ ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నాడో రాసుకుంటూ కూర్చున్నాడు. రెండింటి దగ్గర ఆగిపోయాడని చెప్పాడు.

అక్టోబరులో ఒకరోజు మధ్యాహ్నం యాసెంకా ఫోన్ చేసింది. పలకరింపుల్లేకుండా విషయానికి వచ్చేసింది.

"పై తీగ తెగింది. దుకాణానికి వెళితే ఎంత లావు తీగ కావాలని అడిగాడు. నాకు తెలియదు కదా."

"పదో నంబరు అడగండి. ఆరూ కొనండి, ఒక్కటే మారిస్తే గొంతు కలవదు."

"ఒక్క నిమిషం, రాసుకుంటాను," అంది. పెన్ను వెతుకుతున్న చప్పుడు వినబడింది. "పదో నంబరు. ఆరు. బిగించేటప్పుడు ముందు ఏది?"

"లావుదానితో మొదలుపెట్టండి. పాతవన్నీ ఒకేసారి తీసేయకండి, మెడ మీద లాగుడు పోతుంది. ఒకటి తీసి ఒకటి వేయండి."

"ఒకటి తీసి ఒకటి," అని రాసుకుంది. ఎవరు వాయిస్తున్నారని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.